వైద్యవిజ్ఞాని యల్లాప్రగడ సుబ్బారావుగారు

అడవి అంచున నివసించు మనకు వేసవిగాలియు బాటల దుమ్మును క్రొత్తవి కావు. ఆ దినములలో మన తరగతులయందు కొందఱు పిల్లలు ఎఱ్ఱబారిన కండ్లను నలుపుకొనుచుందురు. మఱికొందఱు మోచేతి మడతలను, మోకాలి మడతలను నిద్రలో సైతము గోకుకొని పుండ్లు చేసికొందురు. ఈ బాధలన్నిటికిని కారణమొక్కటియే కాదు గాని, వీనిలో అనేకములు అలర్జీవలన కలుగునవి. ఈ పేరును 1906వ సంవత్సరమున వియన్నా నగరపు వైద్యులైన క్లెమెన్స్ ఫన్ పిర్కేగారు కల్పించిరి. దుమ్ము, పుప్పొడి మొదలగు సామాన్య వస్తువులను శరీరము శత్రువులని భ్రమించి ఆయుధములెత్తును. ఆ ఆయుధముల దెబ్బ తన చర్మమునకును తన కండ్లకునే తగులును. అలర్జీ స్వభావమిది.

కావలివాని కోపము మితిమీరినప్పుడు వానిని శాంతింపజేయువాడు ఒకడుండవలెను గదా! శరీరమునందు అట్టి నియామకులు అనేకములు కలవు. వానిలో మిక్కిలి చిన్నవి మైక్రో ఆర్.ఎన్.ఏ. అనబడు అణువులు. వీనిని కనుగొనినందులకు విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ అను ఇద్దఱు అమెరికా శాస్త్రజ్ఞులకు 2024వ సంవత్సరమున నోబెల్ బహుమానము లభించెను. భీమవరమున 1895లో జన్మించి 1948లో అమెరికాలో కీర్తిశేషులైన యల్లాప్రగడ సుబ్బారావుగారు ఈ అణువుల పేరైనను ఎఱుగరు. అయినను ఆ అణువులు ఏ అక్షరములతో కూర్పబడునో వానిలో ఒకదానిని లోకమునకు చూపినవారిలో ఆయన యొకరు. మితిమీరిన చర్మరోగములను నేత్రరోగములను అణచుటకు నేటికిని వాడుచున్న ఒక గొప్ప ఔషధము ఆయన పరిశోధనశాలనుండియే వెలువడెను. కావున వారి చరిత్రమును మన విద్యార్థులకు తెలియజెప్పుట యుక్తమని తోచినది.

మన దుమ్ముగూడెమునొద్ద ఆనకట్టను దాటిన గోదావరి, భద్రాచలమును పాపికొండలను గడచి, రాజమహేంద్రవరమును చేరి, ధవళేశ్వరము దిగువను పాయలై సముద్రమును కలియును. ఆ నదీజలముచే తడియు పల్లపు సీమలోని భీమవరమున 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన జగన్నాధముగారికిని వెంకమ్మగారికిని సుబ్బారావుగారు జన్మించిరి. కాలువలును వరిచేలును సమృద్ధిగానున్న సీమ అది. దోమలును అట్లే సమృద్ధి. దోమకాటుచే వ్యాపించు బోదకాలు వ్యాధి ఆ సీమవారికి తరతరములుగా పరిచితము. ఈ సంగతిని చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక. మున్ముందు దీనితో పని కలదు.

తండ్రి రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగము చేసి, అనారోగ్యముచేత ముందుగనే విరమించిరి. ఇంట లేమి ప్రవేశించెను. బాలుడైన సుబ్బారావునకు చదువుపై మనసు నిలువలేదు. కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనికుడు కావలెనని తలంచి, పదుమూడేండ్ల ప్రాయమున ఇల్లు విడిచి పారిపోయెనని వారి చరిత్రకారులు చెప్పుదురు. తల్లి ఊరకుండలేదు. వెదకించి వెనుకకు రప్పించెను. తన నగలను వదలుకొనియైనను కొడుకును చదివింపవలెనని రాజమహేంద్రవరమునకు పంపెను. అయినను ఇంటిలోని చావులును చింతలును బాలుని వెంటాడెను. మెట్రిక్యులేషను పరీక్షలో ఒకమాఱు కాదు, రెండుమాఱులు తప్పెను. మూడవమాఱు మదరాసు హిందూ హైస్కూలునుండి పరీక్షకు పోయి కృతార్థుడయ్యెను.

అటుపిమ్మట మదరాసు ప్రెసిడెన్సీ కళాశాలలో ఇంటర్మీడియేటు ముగించి వైద్యకళాశాలలో ప్రవేశించిరి. సన్యసించి రామకృష్ణ సంఘమున చేరవలెనని కొంతకాలము కోరిరి గాని తల్లి అందులకు సమ్మతింపలేదు. స్నేహితుల సహాయమును, తరువాత మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సహాయమును వారి వైద్యవిద్యను నిలిపినవి. 1919లో ఆయన కుమార్తె శేషగిరమ్మగారిని వివాహమాడిరి. అది గాంధీమహాత్ముని పిలుపు దేశమంతటను వినబడుచున్న కాలము. సుబ్బారావుగారు శస్త్రచికిత్సాగారమున ఖద్దరు వస్త్రము ధరించిరి. శస్త్రచికిత్సాచార్యులైన బ్రాడ్‌ఫీల్డు దొరగారికి అది గిట్టలేదు. వ్రాతపరీక్షలలో బాగుగనే వ్రాసినను, శస్త్రచికిత్సలో తప్పినందున, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టము మాత్రమే వారికి లభించెను. ప్రభుత్వ వైద్యోద్యోగము దొరకలేదు. డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో శరీరనిర్మాణ శాస్త్రమును బోధించుచు కాలము గడపిరి.

ఈ కాలముననే వారి జీవితమునకు త్రోవ చూపిన దుఃఖమొకటి సంభవించెను. స్ప్రూ యను వ్యాధిచేత వారి సోదరులిద్దఱు కొద్దిదినముల తేడాతో మరణించిరి. ఉష్ణదేశములలో కలుగు ఈ వ్యాధియందు తిన్న అన్నము వంటబట్టదు, విరేచనములు మానవు, రక్తము క్షీణించును, మనిషి కన్నుల యెదుట ఎండిపోవును. సుబ్బారావుగారికిని ఆ వ్యాధియే సోకగా లక్ష్మీపతిగారి చికిత్సచేత బ్రదికిరని చెప్పుదురు. ఆ నాటి వైద్యులెవరికిని దీని మూలము తెలియదు. మూలము తెలియని వ్యాధికి మందు వెదకుటయే తన జీవితకార్యమని సుబ్బారావుగారు నిశ్చయించుకొనిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరుగారి ధర్మసంస్థవారు సహాయము చేయుదుమనిరి. మామగారు ధనమిచ్చిరి. 1920 తరువాతి తొలి సంవత్సరములలో వారు భార్యను ఇంట విడిచి, ఓడనెక్కి అమెరికాలోని బోస్టను నగరమునకు చేరిరి. ఆ దంపతులు మరల ఒకరినొకరు చూడలేదు. వారికి పుట్టిన మగశిశువు పసితనముననే కన్నుమూసెను.

బోస్టనులో హార్వర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన ఉష్ణదేశ వైద్యపాఠశాలలో వారు చేరిరి. ధనము చాలకపోగా రాత్రులయందు ఆసుపత్రిలో సేవకుడై రోగుల మలపాత్రలను కడిగిరి. వైద్యుడు ఈ పని చేయుట అవమానమని వారు తలపలేదు. పిమ్మట సైరస్ ఫిస్కుగారివద్ద జీవరసాయన శాస్త్రమున పరిశోధనకు ఒడిగట్టిరి. 1925లో ఈ గురుశిష్యులు రక్తమునందును మూత్రమునందును ఫాస్ఫరసు ఎంత గలదో కొలుచు పద్ధతిని ప్రకటించిరి. కొన్ని ద్రవములు కలిపినప్పుడు నీలిరంగు పుట్టును. ఆ నీలిమ ఎంత చిక్కనో ఫాస్ఫరసు అంత హెచ్చు. చూచుటకు ఇది చిన్న విషయము. కాని కొలత చేతికి వచ్చినపిమ్మటనే శాస్త్రము కన్నులు తెఱచును. ఆ పద్ధతి నేటికిని వారిద్దఱి పేరిటనే విద్యార్థులకు నేర్పబడుచున్నది.

ఆ కొలతతోనే వారు కండరమును పరీక్షించిరి. 1927లో ఫాస్ఫోక్రియేటిను అను పదార్థమును కనుగొనిరి. 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటు అను పదార్థమును కండరమునుండి వేఱుచేసిరి. ఆ సంవత్సరముననే జర్మనీలో కార్ల్ లోమాన్‌గారును స్వతంత్రముగా దానిని కనుగొనిరి. దీనిని ఏ.టి.పి. యని మూడక్షరములతో పిలుతురు. మనము నడచినను, పరుగెత్తినను, గుండె కొట్టుకొనినను, కన్ను రెప్పవాల్చినను ఖర్చగు నాణెము ఇదియే. దీనికి మఱియొక పని కూడ కలదని తరువాత తేలినది. కణములలో ఆర్.ఎన్.ఏ. అను సందేశవాహకమును కూర్చుటకు నాలుగు అక్షరములు కావలెను. ఆ నాలుగింటిలో ఒకదానిని అందించునది ఈ ఏ.టి.పి.యే. శక్తికి నాణెమైనదే సందేశమునకు అక్షరమును అగుట సృష్టిలోని వింతలలో ఒకటి.

1930లో సుబ్బారావుగారు పి.హెచ్‌డి. పట్టమును పొందిరి. కాని హార్వర్డులో వారికి స్థిరమైన పదవి లభింపలేదు. కీర్తియు శ్రమకు తగినంత రాలేదు. 1940లో ఆ విశ్వవిద్యాలయమును విడిచి, న్యూయార్కు రాష్ట్రమునందలి పెరల్ రివరు అను ఊరిలోనున్న లెడర్లీ ఔషధశాలలో చేరి, త్వరలోనే పరిశోధనశాఖ కంతటికిని అధిపతులైరి. అప్పటికి వారి వయస్సు నలుబదియైదు దాటినది. వారి పేరు నిలిపిన ఔషధములన్నియు అటుతరువాతి ఎనిమిది సంవత్సరములలోనే వెలువడినవి.

మొదటిది ఫోలిక్ ఆమ్లము. 1930 ప్రాంతమున లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు బొంబాయిలో బీద గర్భిణీస్త్రీలకు కలుగు పాండురోగమును పరీక్షించి, ఈస్టునందు దానిని నయముచేయు గుణమొకటి కలదని కనుగొనెను. ఆ గుణము ఏ పదార్థమునందున్నదో చాలకాలము తెలియలేదు. దానిని శుద్ధిచేసి, దాని నిర్మాణము నిర్ణయించి, పరిశోధనశాలలో తయారుచేయు పనిని 1945లో సుబ్బారావుగారి నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు సాధించిరి. కణము క్రొత్తగా పుట్టవలెనన్న అందులోని లిపి మరల వ్రాయబడవలెను. ఆ లిపికి కావలసిన అక్షరములను కూర్చుటకు ఫోలిక్ ఆమ్లము తోడ్పడును. అది లేనిచో రక్తకణములు సరిగా పుట్టవు. ఈ ఆమ్లమునిచ్చినప్పుడు స్ప్రూ రోగులు సైతము కోలుకొనిరి. తన యింట ఇద్దఱు సోదరులను మ్రింగిన వ్యాధికి పాతిక సంవత్సరములు దాటిన పిమ్మట ఆయన పరిశోధనశాలనుండియే మందు బయలుదేరెను.

మేలుచేయు వస్తువును ఆపినచో ఏమగును? ఈ ప్రశ్నయే రెండవ ఔషధమునకు మూలము. లుకేమియా యను రక్తపు క్యాన్సరులో కణములు అదుపు లేక పెరుగును. బోస్టనులో పిల్లల వ్యాధులను పరీక్షించు సిడ్నీ ఫార్బరుగారు, ఫోలిక్ ఆమ్లమును అడ్డగించు పదార్థము దొరికిన ఈ పెరుగుదల ఆగునని తలంచిరి. ఫోలిక్ ఆమ్లమును పోలియుండి దాని స్థానమున కూర్చుండి దాని పనిని చెఱచు పదార్థములను సుబ్బారావుగారి శాస్త్రజ్ఞులు తయారుచేసి పంపిరి. వానిలో అమినోప్టెరిను ఒకటి. 1948లో ఫార్బరుగారు ప్రకటించిన వృత్తాంతమున పదునాఱుగురు పిల్లలలో పదిమందికి కొంతకాలము వ్యాధి తగ్గినది. ఆ తగ్గుదల శాశ్వతము కాదు గాని, అంతకుముందు ఆ వ్యాధికి మందే లేదు. అమినోప్టెరినుకు తమ్ముడువంటిది, దానికంటె కొంత సౌమ్యమైనది, మెథోట్రెక్సేటు.

ఇక్కడనే వారి కథ చర్మమును కండ్లను చేరుచున్నది. 1951లో గుబ్నరు అను వైద్యులు కీళ్లవాతమునకు అమినోప్టెరినును వాడుచుండగా, సోరియాసిస్ అను చర్మరోగము గలవారి పొలుసులు రాలి చర్మము నునుపగుట గమనించిరి. అప్పటినుండి ఈ జాతి ఔషధములు చర్మవైద్యమున ప్రవేశించినవి. నేడు అటోపిక్ ఎక్జిమా యను అలర్జీ చర్మరోగము మిక్కిలి తీవ్రమై పూతమందులకు లొంగనప్పుడును, కంటి లోపలిపొరలు వాచి చూపునకు ముప్పు వచ్చినప్పుడును వైద్యులు మెథోట్రెక్సేటును కొద్దిమాత్రలో ఇచ్చెదరు. క్యాన్సరునకు పెద్దమాత్రలో నిచ్చునది కణముల పెరుగుదలను ఆపును. కొద్దిమాత్రలో నిచ్చునది ముఖ్యముగా అడినోసిను అను పదార్థమును హెచ్చించి రక్షకకణముల కోపమును చల్లార్చునని శాస్త్రజ్ఞుల అభిప్రాయము. అడినోసిను ఏ.టి.పి.లోని భాగమే యనుట గమనింపదగినది. ఇది వారమునకొకమాఱు మాత్రమే, రక్తపరీక్షలతో, వైద్యుని కనుసన్నల వాడవలసిన మందు; ప్రతిదినము మ్రింగిన ప్రాణాపాయము. గర్భిణులకు ఈయగూడదు.

మూడవ ఔషధము హెట్రజాను. దీని శాస్త్రీయనామము డైఇథైల్ కార్బమజీను. రెండవ ప్రపంచయుద్ధమున పసిఫిక్ దీవులకు పోయిన అమెరికా సైనికులు అనేకులు బోదకాలుకు మూలమగు ఫైలేరియా క్రిమి బారిన పడిరి. దానికి మందు కావలసివచ్చెను. 1947లో లెడర్లీ శాస్త్రజ్ఞులు ప్రకటించిన ఈ మందు రక్తమునందు తిరుగు ఫైలేరియా పిల్లక్రిములను నశింపజేయును. దోమల సీమయైన భీమవరమున పుట్టినవాని ఆధ్వర్యవమున ఈ మందు వెలువడుటను తలచుకొనిన తెలుగువారికి మనసు కరుగును. ప్రభుత్వమువారు 2004వ సంవత్సరమునుండి మన దేశమున బోదకాలు గల జిల్లాలలో ఇంటింటికిని పంచిన మాత్రలు ఈ మందువే.

ఈ క్రిమికిని అలర్జీకిని సంబంధముగల వ్యాధియొకటి మన తెలుగుసీమలో వర్ణింపబడినదనుట చాలమందికి తెలియదు. మదనపల్లె సమీపమున ఆరోగ్యవరములోని మిషను క్షయరోగ వైద్యశాలలో డాక్టరు ఫ్రిమోట్ మోలరుగారు, బార్టనుగారు 1940లో ఒక వింత వ్యాధిని వర్ణించిరి. రోగులు క్షయరోగులవలెనే దగ్గుదురు, జ్వరపడుదురు; కాని క్షయ కానరాదు. వారి రక్తమున ఈసినోఫిలులను అలర్జీకణములు మిక్కుటముగా ఉండెను. ఫైలేరియా పిల్లక్రిములపై శరీరము చూపు అమితకోపమే ఈ వ్యాధియని తరువాత తేలెను. దానికిని హెట్రజానే మందయ్యెను.

అయితే అదే మందు మఱియొకచోట అలర్జీని రేపెను. ఆఫ్రికాలోను, ఒకప్పుడు మధ్య అమెరికాలోను నల్లయీగకాటుచే వ్యాపించు క్రిమి యొకటి కలదు. అది చర్మమునందును కంటియందును నివసించి మనుష్యులను అంధులను చేయును. మన దేశమున అది లేదు. ఆ రోగులకు హెట్రజాను ఈయగా, చచ్చిన క్రిములపై శరీరము ఒక్కుమ్మడి విరుచుకుపడి, భరింపరాని దురద, దద్దుర్లు, జ్వరము, కంటివాపు కలుగుచున్నవని మెక్సికోలో మజోటిగారు 1948లో వ్రాసిరి. శత్రువు చచ్చినది, కాని యుద్ధభూమియైన చర్మమును కన్నును గాయపడినవి. అందుచేత ఆ వ్యాధికి ఈ మందును మానివేసి వేఱు మందులు వాడుచున్నారు. క్రిమిని చంపుట ఒక విద్య, శరీరపు కోపమును మితమున నుంచుట మఱియొక విద్య యని వైద్యలోకము దీనివలన నేర్చుకొనెను.

నాలుగవది ఆరియోమైసిను. డెబ్బది యేండ్లు దాటి విశ్రాంతి పుచ్చుకొనిన బెంజమిన్ డగ్గరు అను వృక్షశాస్త్రాచార్యులకు తన శాఖలో పని యిచ్చి, నేలమట్టిలోని సూక్ష్మజీవులను వెదకుడని సుబ్బారావుగారు ప్రోత్సహించిరి. మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలములోని మట్టిలో బంగారువన్నె సూక్ష్మజీవి యొకటి దొరకెను. దానినుండి తీసిన మందు 1948లో లోకమునకు ప్రకటింపబడెను. టెట్రాసైక్లిను కుటుంబమున ఇదియే పెద్దది. ఆ కుటుంబపు కంటిలేపనము ట్రకోమా యను అంటు నేత్రవ్యాధిలో నేటికిని వాడబడుచున్నది. మన దేశములో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా మిగిలియుండలేదని ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2024లో ప్రకటించిరి. స్ప్రూ వ్యాధికి నేటి చికిత్స సైతము ఫోలిక్ ఆమ్లమును టెట్రాసైక్లినును కలిపి యిచ్చుటయే. అనగా సోదరుల వ్యాధికి కావలసిన రెండు మందులును ఆ యొక్క పరిశోధనశాలనుండియే వచ్చినవన్నమాట.

ఈ విజయములను ప్రకటించునపుడెల్ల సుబ్బారావుగారు తమ పేరును వెనుక నుంచి, పనిచేసినవారి పేర్లను ముందుంచిరి. అందుచేతనే ఆరియోమైసిను డగ్గరుగారిదిగాను, లుకేమియా చికిత్స ఫార్బరుగారిదిగాను లోకము ఎఱుగును. 1948వ సంవత్సరము ఆగస్టు నెలలో ఒకరాత్రి నిద్రయందే వారి గుండె ఆగిపోయెను. వయస్సు 53 సంవత్సరములు. 1953లో క్రొత్తగా కనుగొనిన ఒక శిలీంధ్రమునకు శాస్త్రజ్ఞులు వారి పేర సుబ్బారోమైసిస్ అని నామకరణము చేసిరి. 1995లో భారత తపాలాశాఖవారు శతజయంతి బిళ్లను వెలువరించిరి.

ఇక మొదట ప్రస్తావించిన చిన్న అణువులను గుఱించి చెప్పవలసియున్నది. కణకేంద్రమున డి.ఎన్.ఏ. అను పెద్ద గ్రంథము కలదు. అందలి ఒక్కొక్క ఉత్తరువు ఆర్.ఎన్.ఏ. రూపమున నకలు వ్రాయబడి బయటికి పోగా, ఆ నకలును చదివి కణము మాంసకృత్తును తయారుచేయును. 1993లో ఆంబ్రోసుగారును రవ్‌కునుగారును ఒక మిల్లీమీటరు పొడవుగల గుండ్రపురుగునందు ఒక వింతను చూచిరి. ఫైలేరియా క్రిమియు ఈ గుండ్రపురుగుల జాతిదే గాని, వారు చూచినది మట్టిలో నివసించు నిరపాయమైన పురుగు. అందులో సుమారు ఇరువదిరెండక్షరముల పొట్టి ఆర్.ఎన్.ఏ. యొకటి ఉత్తరువు నకలుకు అతుకుకొని, దానిని చదువనీయక ఆపుచుండెను. పురుగులోని విచిత్రమని లోకము చాలకాలము దీనిని లెక్కింపలేదు. 2000వ సంవత్సరమున ఇట్టి అణువే మఱియొకటి మనుష్యులందును కలదని తేలగా అందఱును మేల్కొనిరి.

అలర్జీ చర్మరోగమునందు ఈ అణువులు రెండు విధములుగ పనిచేయుచున్నట్లు కనబడుచున్నది. 2010లో స్వీడను దేశపు కరోలిన్‌స్కా సంస్థ శాస్త్రజ్ఞులు ఎక్జిమా రోగుల చర్మమున మైక్రో ఆర్.ఎన్.ఏ. 155 అనునది హెచ్చుగా నుండుట గమనించిరి. రక్షకకణములకు కళ్లెమువంటి మాంసకృత్తు యొక్క ఉత్తరువును అది ఆపును. కళ్లెము సడలిన గుఱ్ఱమువలె ఆ కణములు చెలరేగును. మైక్రో ఆర్.ఎన్.ఏ. 146 అనుదాని పని దీనికి విరుద్ధము. ఎస్టోనియా దేశపు టార్టు విశ్వవిద్యాలయమువారును వారి సహచరులును 2014లో ప్రకటించిన ప్రకారము, అది చర్మకణములలో వాపును పుట్టించు ఉత్తరువులను అణచును. ఒకటి మంటను రేపునది, ఒకటి నీరు చల్లునది. కండ్ల అలర్జీయందును కన్నీటిలోను కంటిపొరలోను ఇట్టి అణువుల హెచ్చుతగ్గులను పరిశోధకులు కొలుచుచున్నారు. ఈ జ్ఞానము ఇంకను ఔషధముగా మారి అలర్జీ రోగి చేతికి రాలేదు. కొలతయే మొదటి మెట్టు. సుబ్బారావుగారును నీలిరంగు కొలతతోనే గదా ఆరంభించిరి.

అంతవరకు మనము చేయదగినవి కొన్ని కలవు. దురదగా నున్నను కండ్లను నలుపరాదు. నలిపినకొలది దురద హెచ్చును, ఏండ్లతరబడి నలిపిన కంటి నల్లగ్రుడ్డు ఆకారము చెడవచ్చును. చల్లని నీటిలో తడిపిన శుభ్రమైన గుడ్డను మూసిన కండ్లపై నుంచుట మేలు. ఎక్జిమా గల పిల్లలకు స్నానమైన వెంటనే చర్మము ఎండిపోకుండ నూనెతో కూడిన లేపనము పూయవలెను. స్టెరాయిడు కలిసిన కంటిచుక్కలను వైద్యుని సెలవు లేక అంగడిలో కొని వేయరాదు. అవి నాడు హాయి నిచ్చి, కొంతకాలమునకు కంటిలో ఒత్తిడిని పెంచి చూపును హరించును.

విద్యార్థులారా, సుబ్బారావుగారి కథలో మీకు దగ్గఱయైనది వారి ఔషధములకంటె వారి బాల్యమని నా తలంపు. ఈ అడవి పల్లెలలో పిల్లవాడు ఒకమాఱు పరీక్ష తప్పిన, పుస్తకములు అటకనెక్కును, పిల్లవాడు పశువుల వెంట పోవును. ఆడపిల్ల తప్పిన, ఆ యేడే పెండ్లిమాటలు మొదలగును. తలిదండ్రులారా, వెంకమ్మగారు కొడుకు పారిపోయినప్పుడు విసిగియుండినను, రెండవమాఱు తప్పినప్పుడు చాలునని చెప్పియుండినను ఆమెను ఎవరును తప్పుపట్టియుండరు. ఆమె మూడవమాఱునకు ఒప్పుకొనెను. మన బడిలో ఈ యేడు పరీక్ష తప్పిన పిల్లలు ఉన్నారు. వారి పేర్లు మరల హాజరుపట్టీలో కనబడునట్లు చూడుడని ఈ చరిత్రమును చదివిన పెద్దలను వేడుకొనుచున్నాను.